కొండకోట చరిత్ర కట్టేదెలా: సింహాచలం శాసనం నుంచి కొండవీటి బురుజు దాకా

కోట చరిత్ర రాయాలనుకున్నవాళ్లు ఎక్కువమంది ముందుగా కోట ఎక్కేస్తారు. నాలుగు బురుజుల ఫోటోలు తీసి, దారిలో కనిపించినవాళ్లు చెప్పిన కథ రాసుకుని దిగుతారు. ఇంటికొచ్చాక ఏ గోడ ఎవరు కట్టారో, ఏ సంగతి ముందో ఏది తర్వాతో తేలదు. గోడ తన వయసు తాను చెప్పదు. తేదీ చెప్పేది శాసనం. కాబట్టి ముందు తేదీ పట్టుకోవాలి, తర్వాతే కొండ ఎక్కాలి.

ఆ తేదీల కోసం విశాఖపట్నం వాళ్లు ఊరు దాటి వెళ్లనక్కర్లేదు. కోస్తాలోని పెద్ద కొండకోటలు ఒక్కొక్కటిగా చేతులు మారిన 1514–16 దండయాత్రకు సాక్ష్యం సింహాచలం గుడిలోనే ఉంది. ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి, రాజమహేంద్రవరం మీదుగా వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇక్కడ స్వామికి 991 ముత్యాల హారం, మరికొన్ని నగలు సమర్పించి శాసనం వేయించాడు. కొండవీటి కోటను ఉదాహరణగా పెట్టుకుని, ఈ శాసనం నుంచి వెనక్కి నడిచే పద్ధతి ఇక్కడ చెబుతున్నాం. ఇదే పద్ధతి గండికోటకు, గుత్తికి, భువనగిరికి కూడా సరిపోతుంది.

గుడి లోపల ఫోటోలు తీయనివ్వరు, తీయాలని చూడొద్దు కూడా. సింహాచలం శాసనాలు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటి పాఠాలు కేంద్ర పురావస్తు శాఖ ప్రచురించిన దక్షిణ భారత శాసనాల ఆరో సంపుటంలో అచ్చయ్యాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణ గ్రంథాలయంలో అడిగి చూడండి. స్కాన్ చేసిన ప్రతులు ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి. పాఠం ముందే చదువుకుని గుడికి వెళితే స్తంభం మీది అక్షరాలు కళ్లకు తేలిగ్గా అందుతాయి.

శాసనాన్ని ముక్కలుగా విడదీయండి

తెలుగు శాసనం సాధారణంగా ఒక వరుసలో నడుస్తుంది. మొదట 'స్వస్తి శ్రీ', ఆ వెంట శకవర్షం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం. తర్వాత రాజు బిరుదులు, పేరు, చేసిన పని, ఇచ్చిన దానం. చివర ఆ ధర్మాన్ని చెరిపినవాళ్లకు తగిలే పాపం. ఒక్కో భాగాన్నీ కాగితం మీద విడి వరుసలో రాసుకోండి. పక్షం దగ్గర 'శు' అని ఉంటే శుద్ధం, 'బ' అని ఉంటే బహుళం. వారాన్ని కూడా చాలాసార్లు ఒక్క అక్షరంతోనే సరిపెడతారు. తెలుగు అంకెల్లో ౨, ౩లూ, ౦, ౧లూ అరిగిన రాతి మీద ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. అందుకే అంకెను ఒంటరిగా ఎప్పుడూ నమ్మకూడదు.

శకవర్షాన్ని క్రీస్తుశకంలోకి మార్చడానికి 78 కలపాలి. పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల తేదీ జనవరి–మార్చి మధ్య పడితే 79 కలపాలి. ఏడాది ఉగాదితో మొదలవుతుంది కాబట్టి ఈ తేడా. దీన్ని మరిచిపోయి ఒక యుద్ధం అసలు కంటే ఏడాది ముందే జరిగినట్టు చూపే రాతలు చాలా కనిపిస్తాయి.

సంవత్సరం పేరుతో అంకెను సరిచూడడం రెండో మెట్టు. శకవర్షానికి 12 కలిపి 60తో భాగిస్తే మిగిలే శేషమే ప్రభవ నుంచి లెక్కపెట్టాల్సిన స్థానం. శేషం సున్నా వస్తే అది అక్షయ. కొండవీడు పట్టుబడిన తేదీని మంగళగిరి శాసనం శకం 1437, యువ సంవత్సరం అని చెబుతుంది. 1437కు 12 కలిపితే 1449. 60తో భాగిస్తే శేషం 9. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత, ప్రజోత్పత్తి, ఆంగీరస, శ్రీముఖ, భావ, యువ. తొమ్మిదోది యువే, సరిపోయింది. చివరి అంకెను పొరపాటున 1గా చదివి ఉంటే శేషం 3 వచ్చి శుక్ల అయ్యేది. అప్పుడు తప్పు వెంటనే దొరికేది.

తేడా సరిగ్గా ఒక్క ఏడాదే వస్తే కంగారు పడొద్దు. కొందరు లేఖకులు గడిచిన సంవత్సరాలను లెక్కించారు, కొందరు నడుస్తున్న సంవత్సరాన్ని లెక్కించారు. అలాంటప్పుడు సంవత్సరం పేరునే నమ్మాలి. ఒకటి కంటే ఎక్కువ తేడా వస్తే మాత్రం అంకెను తప్పు చదివినట్టే. మళ్లీ రాయి దగ్గరకు వెళ్లండి.

మూడో మెట్టు వారం. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. 1582 అక్టోబర్ 4 గురువారం దాకా పాత జూలియన్ క్యాలెండర్ నడిచింది. మరుసటి రోజునే అక్టోబర్ 15గా లెక్కపెట్టి కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్ మొదలుపెట్టారు. చరిత్ర పుస్తకాల్లో అంతకు ముందరి తేదీలను జూలియన్‌లోనే ఇస్తారు. కొన్ని ఫోన్ యాప్‌లు మాత్రం కొత్త క్యాలెండర్‌నే వెనక్కి పొడిగించి వారం చూపిస్తాయి. పదహారో శతాబ్దపు తేదీకి పది రోజుల తేడా పడి, వారం తప్పు వస్తుంది. దాంతో శాసనమే తప్పనుకుంటారు.

యాప్ లేకుండా ఇలా చూడవచ్చు. మంగళగిరి శాసనం చెప్పే ఆషాఢ మాసపు శనివారం, హరివాసరం (ఏకాదశి), 1515 జూన్ 23 అని పండితులు తేల్చారు. అక్కడి నుంచి 1582 జూన్ 23 దాకా 67 ఏళ్లు. 365తో గుణిస్తే 24,455 రోజులు. మధ్యలో 1516 నుంచి 1580 దాకా 17 లీపు రోజులు. జూన్ 23 నుంచి అక్టోబర్ 4 దాకా 103 రోజులు. మొత్తం 24,575. ఏడుతో భాగిస్తే శేషం 5. గురువారం నుంచి ఐదు రోజులు వెనక్కి వెళితే శనివారం. అయిదు వందల ఏళ్ల కిందట రాతి మీద చెక్కిన వారం కాగితం మీద లెక్కతో కలవడం ఎంత గట్టి సాక్ష్యమో ఒక్కసారి స్వయంగా చేసి చూస్తే తెలుస్తుంది. సింహాచలం శాసనపు చైత్ర బహుళ ద్వాదశి, ఆదివారం కూడా ఇదే లెక్కలో 1516 మార్చి 30కి కలుస్తుంది.

కొన్ని శాసనాల్లో అంకెలుండవు, మాటలుంటాయి. శశి 1, నేత్రం 2, రామ లేదా అగ్ని 3, వేదం 4, బాణం 5, ఋతువు 6, ముని లేదా గిరి 7, వసువు లేదా గజం 8, నంద లేదా గ్రహం 9, ఆకాశం 0. వీటిని కుడి నుంచి ఎడమకు చదవాలి. ఉదాహరణకు 'ముని రామ వేద శశి' అని ఉంటే వరుసగా 7, 3, 4, 1. తిప్పి చదివితే 1437. సముద్రం లాంటి మాటలను ఒకచోట 4గానూ మరోచోట 7గానూ వాడారు. అక్కడ కూడా సంవత్సరం పేరే దిక్కు.

గజపతుల అంక సంవత్సరాలు

విశాఖ, శ్రీకాకుళం వైపు శాసనాలు చదివేవాళ్లు దీన్ని తప్పక నేర్చుకోవాలి. ఒడిశా నుంచి ఏలిన గజపతి రాజుల శాసనాల్లో పాలనా సంవత్సరాన్ని 'అంక' లెక్కలో చెబుతారు. అందులో కొన్ని అంకెలను వదిలేస్తారు. 1ని లెక్కపెట్టరు. 6తో ముగిసేవన్నీ వదిలేస్తారు. సున్నాతో ముగిసేవాటిలో 10ని ఉంచి 20, 30 లాంటివి వదిలేస్తారు. రాజు గద్దెనెక్కిన మొదటి ఏడే రెండో అంక అవుతుంది. కొత్త అంక ఉగాదికి కాదు, భాద్రపద శుద్ధ ద్వాదశికి మొదలవుతుంది.

మార్చే పద్ధతి సులువే. శాసనంలోని అంక దాకా వదిలేసిన అంకెలెన్నో లెక్కపెట్టి తీసేయాలి. 17వ అంక ఉంటే వదిలినవి 1, 6, 16. మూడు తీసేస్తే నిజమైన 14వ ఏడు. 35వ అంక ఉంటే 1, 6, 16, 20, 26, 30 పోగా 29వ ఏడు. ఇది తెలియక అంకను నేరుగా పాలనా సంవత్సరంగా రాసేస్తే గజపతి రాజు కపిలేంద్రుడి యుద్ధాలు అయిదారేళ్లు పక్కకు జరిగిపోతాయి. ఇలాంటి పొరపాటు ఒకరి నుంచి ఇంకొకరికి అలాగే పాకుతుంది.

తెలియని తేదీని రెండు తెలిసిన తేదీల మధ్య బిగించడం

ప్రతి సంఘటనకూ శాసనం దొరకదు. అప్పుడు ముందూ వెనకా ఉన్న గట్టి తేదీలతో బిగించాలి. ఉదయగిరి 1514 జూన్‌లో పడింది. కొండవీడు 1515 జూన్ 23న పడింది. రాయలు సింహాచలంలో ఉన్నది 1516 మార్చి 30న. కొండపల్లి ఎప్పుడు పడిందన్నది ప్రశ్న. కొండవీడు తర్వాతనీ సింహాచలానికి ముందనీ క్రమం తెలుసు కాబట్టి ఆ తొమ్మిది నెలల్లోనే. 'కొండపల్లి 1519లో పట్టుబడింది' లాంటి వాక్యం ఎక్కడైనా కనబడితే దాన్ని పక్కన పెట్టడానికి ఈ ఒక్క బిగింపు చాలు.

ఇలాగే కోట మొత్తం చరిత్రకు ముందుగా మేకులు కొట్టుకోండి. కొండవీటికి అవి ఇవి. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుంచి ఏలాడు. అనవోతారెడ్డి కాలంలో రాజధాని కొండవీటికి మారింది. రెడ్డిరాజుల ఏలుబడి 1424లో రాచవేమారెడ్డితో ముగిసింది. 1450ల మధ్యకు కపిలేంద్ర గజపతి చేతికి వచ్చింది. 1515లో ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు కోటలో పట్టుబడ్డాడు. ఆ తర్వాత రాయల మంత్రి తిమ్మరుసు, ఆయన మేనల్లుళ్లు నాదెండ్ల అప్ప, గోపలు ఈ ప్రాంతపు పాలన చూశారు. 1579 ప్రాంతంలో గోలకొండ కుతుబ్‌షాహీలు తీసుకున్నారు. 1687లో గోలకొండ ఔరంగజేబుకు లొంగింది. 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషు కంపెనీకి దక్కింది. ఈ మేకుల మధ్య ఖాళీలను నింపడమే మీ పని.

రికార్డుల్లో వెతికేటప్పుడు పేర్లు మారతాయని గుర్తుంచుకోండి. కుతుబ్‌షాహీల కాలంలో కొండవీడు ముర్తజానగర్ అయింది. ఐరోపా వాళ్లు కొండవీర్ అని రాశారు. 'కొండవీడు' అన్న ఒక్క పేరుతోనే వెతికితే రెండు వందల ఏళ్ల చరిత్ర మీ కంట పడదు.

కైఫియత్తులూ, జనం చెప్పే కథలూ

కల్నల్ కాలిన్ మెకంజీ పందొమ్మిదో శతాబ్దం ఆరంభంలో ఊరూరా రాయించిన కైఫియత్తులు (ఊరి చరిత్ర పత్రాలు) చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. చెరువు ఎవరు తవ్వించారు, ఏ కుటుంబానికి ఏ మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఉండేది, ఏ గుడికి ఎంత మాన్యం వంటి సంగతులకు వీటిని మించినవి లేవు. రాజుల వరుసకూ ఏళ్లకూ మాత్రం వీటి మీద ఆధారపడొద్దు. కరణాలు తమ తాతలనాటి కవిలెల్లోంచి (లెక్కల పుస్తకాల్లోంచి) రాసిచ్చిన లెక్కల్లో ఒక్కో రాజుకు గుండుగుత్తగా ఏళ్లు వేసేశారు.

కొండవీటి దిగువన గోపీనాథస్వామి గుడి దగ్గర కత్తుల బావి కథ చెబుతారు. రెడ్డి వీరులను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, కత్తులు నాటిన బావిలో పడేలా చేసి చంపారని కథ. దీన్ని రాయండి, తప్పేమీ లేదు. 'ఇక్కడి జనం ఇలా చెప్పుకుంటారు' అని రాయండి. తేదీ ఉన్న సంగతుల వరుసలో మాత్రం కూర్చోబెట్టొద్దు. ఊరి జనం శతాబ్దాలుగా మోసుకొచ్చిన మాటకు విలువుంది. ఆ విలువ శాసనానికి ఉండే విలువ లాంటిది కాదు, అంతే.

ఇప్పుడు కొండ ఎక్కండి

విశాఖ నుంచి గుంటూరుకు నేరుగా రైలుంది. అక్కడి నుంచి చిలకలూరిపేట దారి వైపు కొండవీడు. ఇప్పుడు ఇది పల్నాడు జిల్లాలో ఉంది. పైకి ఘాట్ రోడ్డు వేశారు. కోట రక్షణ ఎలా పనిచేసిందో అర్థం కావాలంటే కనీసం ఒకవైపైనా కాలిదారినే నడవాలి. శత్రువు ఏ మలుపులో ఏ బురుజుకు ఎదురుపడేవాడో కారులోంచి తెలియదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానల తర్వాత గడ్డి గోడలను కప్పేస్తుంది, పాముల భయమూ ఉంటుంది. వేసవిలో రాళ్ల వేడికి మధ్యాహ్నం పనిచేయలేరు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, 30 మీటర్ల టేపు, దిక్సూచి, 10 సెంటీమీటర్ల గుర్తులున్న కొలబద్ద, టార్చి, గళ్ల కాగితం ఉంటే చాలు.

నేరుగా రాజమహలు శిథిలాల దగ్గరకు పోకండి. ముందు నీళ్లు వెతకండి. కొండకోటను నిలబెట్టేది గోడ కాదు, చెరువు. ముట్టడి నెలల తరబడి సాగితే నీళ్లూ ధాన్యమూ ఎన్నాళ్లు ఉంటాయన్నదే కోట ఆయుష్షు. కొండవీటి మీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఉన్నాయి. ప్రతి చెరువు దగ్గరా నాలుగు సంగతులు రాసుకోండి: నీరు ఎటు నుంచి వస్తుంది, నిండితే పొర్లి ఎటు పోతుంది, కట్ట రాతిదా మట్టిదా, దగ్గర్లో ఏ కట్టడం ఉంది. పొర్లిన నీరు కింది చెరువులోకి చేరేలా వరుసగా కట్టి ఉంటే, ఆ అమరిక మొత్తం ఒక పథకం ప్రకారం జరిగిందనడానికి అది ఆధారం.

నీటి తర్వాత గవనులు, అంటే కోట ద్వారాలు. కొండవీటిలో కొలేపల్లి దర్వాజా, నాదెళ్ల దర్వాజా ముఖ్యమైనవి. గవని బయట నిలబడి దారి ఎన్నిసార్లు మలుపు తిరుగుతుందో చూడండి. తిన్నగా పోయే దారైతే ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును ఢీకొట్టగలదు. మలుపు పెడితే దాని ఊపు తగ్గుతుంది, పక్క బురుజు మీది వాళ్లకు శత్రువు పక్క దొరుకుతుంది. పెద్ద గవనులకు దూరంగా దిడ్డివాకిళ్లు (చిన్న పక్క తలుపులు) కూడా ఉంటాయి. అవి ఎటు తెరుచుకుంటాయో చూస్తే ముట్టడిలో కోటలోవాళ్లకు సరుకు ఏ వైపు నుంచి అందేదో ఊహించవచ్చు.

గోడల వయసు పొరల్లో ఉంటుంది. అడుగున పెద్ద పెద్ద బండరాళ్లు సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టి, పైన చిన్న రాళ్లూ డంగు సున్నమూ, ఆపైన ఇటుక కొమ్మలూ (గోడ అంచున పళ్లలా నిలిచే అడ్డులు) కనిపిస్తే కనీసం రెండుసార్లు పని జరిగిందని అర్థం. చదరపు బురుజులు సాధారణంగా ముందువి. గుండ్రటి బురుజులు, కొమ్మల్లో తుపాకీ రంధ్రాలు, ఫిరంగి తిప్పడానికి వెడల్పైన తిన్నెలు మందుగుండు వచ్చాక చేర్చినవి. రాతి దూలంతో మూసిన ద్వారబంధం ఒక సంప్రదాయం. మొన తేలిన కమాను, గచ్చు పూత ఎక్కువగా సుల్తానుల కాలపు పని. అయితే ఇవి గుర్తులే తప్ప తేదీలు కావు. పాత గుడి స్తంభాన్ని తెచ్చి కొత్త గవనిలో పెట్టడం అన్ని కాలాల్లోనూ జరిగింది. చెక్కిన రాయి ఒకటి కనిపించగానే గోడంతా ఆ కాలానిదే అనేయకూడదు. ఆ రాయి చుట్టూ అతుకు ఎలా ఉందో చూడాలి. చెక్కడం మధ్యలో తెగిపోయినా, బొమ్మ తలకిందులుగా ఉన్నా అది వేరేచోటి నుంచి వచ్చిందే.

ఇటుకలు దొరికితే ఒకేచోట అయిదింటి పొడవు, వెడల్పు, మందం కొలిచి సగటు రాయండి. ఒక్క ఇటుక కొలత పనికిరాదు, కాల్చేటప్పుడు కుదింపు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. గోడ మందాన్ని పైన కాదు, కూలిన చోట అడ్డకోత కనిపించే దగ్గర కొలవండి. కూలిన గోడ పైకెక్కి కొలవడం ప్రమాదం. రాళ్ల మధ్య సున్నం ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటుంది.

అక్షరాలున్న రాయి కనిపిస్తే

సుద్దపొడి, నూనె, పసుపు, పెయింటు ఏదీ పూయకండి. రాతి పొర లేచిపోతుంది, తర్వాత చదివేవాళ్లకు అసలు గీత ఏదో పూత ఏదో తెలియకుండా పోతుంది. ఫ్లాష్ కూడా వద్దు. ఎదురుగా పడే వెలుతురులో గుంటలు నిండిపోయినట్టు కనిపించి అక్షరం మాయమవుతుంది. ఫోన్‌ను స్టాండు మీద కదలకుండా పెట్టండి. టార్చిని రాతి ముఖానికి దాదాపు ఆనించినంత వాలుగా, పక్క నుంచి వెయ్యండి. ఎడమ, కుడి, పై, కింది వైపుల నుంచి ఒక్కో ఫోటో తీయండి. ఒక ఫోటోలో దొరకని కొమ్ము ఇంకోదాంట్లో దొరుకుతుంది. ఎండలోనైతే ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత ఇదే ఫలితం వస్తుంది. ప్రతి ఫోటోలో కొలబద్ద ఉండాలి. చివరగా దూరం నుంచి ఒకటి తీయండి, లేకపోతే ఆ రాయి కోటలో ఎక్కడుందో మీకే గుర్తుండదు.

ఇంటికొచ్చాక మూడు నిలువు వరుసలు గీసి రాయండి. మొదటిదాంట్లో శాసనం చెప్పింది, రెండోదాంట్లో గోడలో కనిపించింది, మూడోదాంట్లో జనం చెప్పుకునేది. ఏ వాక్యం ఏ వరుసదో తేల్చలేకపోతే ఆ వాక్యాన్ని ఇంకా రాయొద్దు.

అచ్చయిన సంపుటాల్లో లేని శాసనం మీకు కనిపిస్తే రాయిని కదపకండి, శుభ్రం చేయకండి, ఇంటికి అసలే తేకండి. చోటు వివరం, నాలుగు వైపుల వెలుతురు ఫోటోలు, కొలతలు రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి. మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి కూడా ఒక ప్రతి పంపండి. రాతి మీద కాగితం అద్ది అక్షరాల అచ్చు తీయడానికి అనుమతి ఉన్నవాళ్లే రావాలి. వాళ్లకు మీరు పంపిన ఫోటోల్లో అక్షరాలు ఎంత స్పష్టంగా ఉంటే అంత త్వరగా ఆ రాయి చదువుకి వస్తుంది.